వాగుమీది చిన్న మట్టికట్ట



వానకాలము వచ్చినంతనే ఊరివారందరు పెద్దచెరువు కట్ట నెక్కి చూతురు. నీరెంత చేరినది, అలుగు పారుచున్నదా, తూము సరిగా నున్నదా యని విచారింతురు. ఆ చెరువునకు ఎగువను, కొండపాదమున, వాగునకు అడ్డముగా నున్న చిన్న మట్టికట్టను చూచివచ్చువారు మాత్రము అరుదు. దానిక్రింద ఆయకట్టు లేదు. దానివలన తమకు కలుగు లాభమేమో చాలమందికి తెలియదు. పశువుల కాపరులు దానిని కుంట యందురు. ఎనిమిది మొదలు పండ్రెండడుగుల యెత్తు, నూరు గజముల పొడవు కల ఆ కట్ట చేయు పని యొక్కటే: కొండమీదినుండి కొట్టుకొనివచ్చు ఇసుకను, ఒండ్రును అచ్చటనే నిలిపి, దిగువనున్న పెద్దచెరువు పూడిపోకుండ కాపాడుట. నేటి ప్రసంగమున నేనా కట్టనుగూర్చియే మాటాడదలచితిని.

వాగునీరు వడిగా పారునంతవరకే మన్నును మోయగలదు. కట్ట అడ్డుపడి వడి తగ్గగానే మోసికొనివచ్చిన దానిని దింపివేయును. గులకరాళ్లును, ముతక ఇసుకయు కుంట మొదటనే దిగును. సన్నని ఒండ్రు కట్టదాక వచ్చి నెమ్మదిగా పేరుకొనును. మిక్కిలి సన్నని బంకమన్ను నీటితోకూడ అలుగు దాటి పోవును. దానిని చిన్నకుంట యాపలేదు. కాబట్టి ఎంత మంచి కుంట కట్టినను దిగువచెరువులో పూడిక బొత్తిగా నిలిచిపోదు, చాలవరకు తగ్గును.

ఇందొక చిక్కు కలదు. ఈ కట్ట తన పని చక్కగా చేసినకొలదిని కుంట పూడిపోవుచుండును. క్రొత్తగా కట్టిన యేట గట్టివాన కురిసినచో, వచ్చిన నీటిలో కొంత కుంటలో నిలిచి, మిగిలినదే అలుగు పారును. సగము పూడిన పిమ్మట అదే వానకు అలుగు ముందుగా పారును, లోతుగా పారును. పూర్తిగా పూడినపుడు వచ్చిన వరద వచ్చినట్లే అలుగు దాటవలసినదే. వాన పెరుగలేదు, వాగు మారలేదు. కాని కట్టమీద పడు వరదపోటు ఏటేట పెరుగుచుండును. చూచువారికి మాత్రము ఇందుకు విరుద్ధముగా తోచును. “అందులో నీరెక్కడిది? అంతయు మన్నే కదా! ఇక భయమేమి?” అని ఆ వైపు పోవుటయే మానుకొందురు. కట్టకు మన చూపు ఎక్కువ కావలసిన కాలముననే మన చూపు దానినుండి తొలగిపోవుచున్నది. నేను ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే.

చిన్నకట్ట తెగినచో ఏమి మునిగిపోవునని అడుగువారు కలరు. రెండెకరముల కుంటలో సగటున ఐదడుగుల నీరున్నదనుకొందము. అది 4,35,600 ఘనపుటడుగుల నీరు. ఘనపుటడుగు నీరు 28 కిలోలకు పైగా తూగును గనుక, ఆ నీటి బరువు పండ్రెండువేల టన్నులకు మించును. అలుగుమీదుగా ఒక పూటంతయు పారవలసిన నీరు, గండి పడినపుడు కొద్ది నిమిషములలో దిగును. నిలిపియుంచిన ఒండ్రును కూడ త్రవ్వి తీసికొనిపోవును. దిగువచెరువు అప్పటికే నిండియున్నచో దాని కట్టకు ఇది మోయరాని బరువగును.

మనవైపు చెరువులు ఒకదానిక్రింద నొకటి గొలుసుగా నుండుటచేత ఈ భయము ఊహామాత్రము కాదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది హైదరాబాదు నగరమును ముంచి వేలకొలది జనులను పొట్టనబెట్టుకొన్నది. ఆ నదికి నీరు చేర్చు ప్రాంతమున ఎనిమిదివందలకు చేరువగా చెరువులుండగా రెండువందలకు పైగా ఆ వరదలో తెగినవని, నిజాము ప్రభుత్వము పిలిపించిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు లెక్క తేల్చిరి. ఒక చెరువు నీరు మరియొక చెరువు కట్టను త్రోసివేసినది. ఇది పాతకాలపు ముచ్చట యనుకొనరాదు. 2021 నవంబరు 19వ తేదీన కడప జిల్లాలో చెయ్యేటిమీది అన్నమయ్య జలాశయపు మట్టికట్ట, వరద పైనుండి పొరలి, కొట్టుకొనిపోయినది. ఎగువనున్న పింఛా జలాశయపు కట్ట అంతకుముందే తెగి, ఆ నీరును వచ్చి వరదలో కలిసినది.

అదే కడప జిల్లాలో పోరుమామిళ్ల చెరువు కలదు. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని కట్టించి, 1369లో శాసనము వేయించెను. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్లు పనిచేసినట్లు అందున్నది. చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను కూడ ఆ శాసనము చెప్పుచున్నది. ఆరు దోషములలో మూడు మన ప్రసంగమునకు నేరుగా సంబంధించినవి: కట్టనుండి నీరు కారుట, చౌటినేల, చోటు తక్కువై నీరు ఎక్కువగుట. నేటి ఇంజనీరులు మట్టికట్టలు తెగుటకు చూపు కారణములలోను ఈ మూడును కలవు. ఆరువందల యేబది యేండ్లకు పూర్వము రాతిమీద చెక్కిన మాటలు నేటికిని పరీక్షకు నిలుచుట చూడగా, వానిని చెప్పినవారు ఎన్ని గండ్లు చూచి చెప్పిరో యనిపించును.

మొదట నీరెక్కువగుటను చూతము. మట్టికట్ట నీటిని ఆపగలదే కాని, తనమీదుగా నీటిని పారనీయలేదు. వెలుపలివాలు మీద పారిన నీరు అడుగున కోతపెట్టి, ఆ కోతను పైపైకి తెచ్చి, కట్టను రెండుగా చీల్చును. 1979 ఆగస్టు 11న గుజరాతులో మచ్ఛూనదిమీది రెండవ జలాశయమునకు, నిర్మాతలు లెక్కించినదానికి రెండింతలకు మించిన వరద వచ్చి, ఇరుప్రక్కల మట్టికట్టలను పొరలి తెంపి, దిగువనున్న మోర్వీ పట్టణమును తుడిచిపెట్టెను. అంత పెద్ద జలాశయమునకు జరిగినదే మన చిన్నకట్టకును జరుగును.

అందుచేత మట్టికట్టకు ప్రాణము అలుగు. నెల్లూరివారు దీనిని కలుజందురు, రాయలసీమలో మరువ యందురు. ఒక లెక్క చెప్పెదను, జ్ఞాపకముంచుకొనుట సులభము. ఒక ఎకరముమీద గంటకొక అంగుళము వంతున కురిసిన వాన యంతయు పారివచ్చినచో, అది సెకండునకు ఒక ఘనపుటడుగు నీరగును. కుంటకు ఎగువను రెండువందల ఎకరముల నేల యున్నది, గంటకు రెండంగుళముల వాన పడినది, అందు సగము ఇంకి సగము పారినది అనుకొన్నచో, కుంటకు సెకండునకు రెండువందల ఘనపుటడుగులు వచ్చును. ఇక అలుగుమీద నీరు ఒక అడుగు లోతున పారునపుడు, అలుగు పొడవులో అడుగు ఒక్కింటికి సుమారు మూడు ఘనపుటడుగులు దిగును. రెండడుగుల లోతున పారునపుడు ఎనిమిదిన్నర దిగును. కాబట్టి ఇరువదినాలుగడుగుల పొడవు అలుగు రెండడుగుల లోతున పారినచో ఆ వరద సరిపోవును. కట్ట తల దానికిని పైన ఇంకొక అడుగున్నర యెత్తున నుండవలెను. అది అలలకును, కట్ట క్రుంగుటకును విడిచిన చోటు.

ఇప్పుడు ఊరిలో ఎవరో కుంటలో ఇంకొక అడుగు నీరు నిలువవలెనని అలుగుమీద రాళ్లు పేర్చి, మన్ను మెత్తినారనుకొందము. ఇది లోకమున నిత్యము జరుగుచున్న పనియే. పశువులకు నీరు నాలుగు దినములు ఎక్కువ నిలుచునను మంచి తలపుతోనే చేయుదురు. కాని రెండడుగుల లోతున పారవలసిన చోట ఒక్క అడుగే మిగిలినది. దిగగల నీరు సగమైనదని తోచును. సగము కాదు, మూడవవంతునకు కొంచెము మాత్రమే హెచ్చు. రెండువందల ఘనపుటడుగులు పోవలసినచోట డెబ్బదిరెండు పోవును. మిగిలినది కుంటలో లేచి, అలలకని విడిచిన చోటును మ్రింగి, కట్ట తలను వెదకికొనును. నేనెరిగిన ఒక పల్లెలో ఇట్లే జరిగినది. అలుగుమీది రాళ్లు నిలిచినవి, కట్టయే పోయినది.

కట్ట తల ఎక్కడ తక్కువయున్నదో నీరు అక్కడనే దారిచేసికొనును. పశువులు నిత్యము దాటు దారి, బండ్లు ఎక్కిదిగు చోటు, ఏండ్లు గడిచిన పిమ్మట క్రుంగిన నడిమిభాగము — ఇవి చూడవలసిన చోటులు. ఇంజనీరు లేకున్నను, నీరు నింపిన పొడుగాటి సన్నని రబ్బరుగొట్టముతో ఇద్దరు మనుష్యులు కట్ట పొడవునను, అలుగుమీదను మట్టము చూడవచ్చును. అలుగు దిగువ కాలువలో కోత పడుచున్నదేమో కూడ చూడవలయును. ఆ కోత వానవానకు వెనుకకు జరుగుచు వచ్చి, ఒకనాడు అలుగు పునాదినే కూలద్రోయును.

రెండవది నీరు కారుట. మట్టికట్టలో కొంచెమైనను ఊట లేకుండుట అరుదు. ఊటను చూచి బెదరనక్కరలేదు. ఎట్టి ఊటయో తెలిసికొనవలెను. అనంతపురము జిల్లాలో ఒక వృద్ధ నీరుగంటి నాకు ఈ పాఠము చెప్పెను. కట్ట వెలుపలి అడుగున కారుచున్న నీటిని గాజుగ్లాసులో పట్టి, ఎండకెత్తి చూపి, “తేట నీళ్లు పోతే పోనీ నాయనా. ఎర్ర నీళ్లొస్తే మాత్రం కట్టే బయటికి పోతాండాదని అర్థం” అనెను. దీనికి చేర్చవలసినది కొంచెమే. తేటనీరైనను నిన్నటికంటె నేడు ఎక్కువైనచో, కుంటలో మట్టము పెరుగకయే ఎక్కువైనచో, అదియు చెడుగురుతే.

బురదనీరు వచ్చుచున్నదనగా లోపల బుంగ పడుచున్నదన్నమాట. బుంగ లోపలివైపున మొదలై బయటికి వచ్చునని చాలమంది తలంతురు. సామాన్యముగా అది తలక్రిందుగా జరుగును. ఊట బయటపడు చోట మొదట రేణువులు లేచిపోవును. ఆ చిన్నగుంట వెనుకకు, వెనుకకు, నీటివైపునకు తొలుచుకొనిపోవును. తుదకు నీటిని తాకిన క్షణమున అది గొట్టమగును. అమెరికాలో ఐడహో రాష్ట్రమునందలి టీటన్ కట్ట మూడువందల అడుగుల యెత్తుది. 1976 జూన్ 5న, మొదటిసారి నిండుచుండగనే, ఉదయము బురదనీటి ఊట కనబడినది. మధ్యాహ్నమగునప్పటికి కట్ట తెగినది. మన కట్ట చిన్నది, గడువును చిన్నదే.

బుంగ కనబడినపుడు ఊరివారు మొదట చేయు పని ఆ రంధ్రమును బంకమన్నుతో మూయుట. అది పొరబాటు. దారి మూసినంతమాత్రమున లోపలి నీటి త్రోపు పోదు. ప్రక్కన మరియొకచోట మరింత బలముగా బయటపడును. చేయవలసినది వేరు. నీటిని పోనిచ్చి, మన్నును పోనీయకుండవలెను. ఊట వచ్చు చోట మొదట ముతక ఇసుక, దానిపైన చిన్నకంకర, దానిపైన రాళ్లు, ఈ వరుసను పరచి బరువు పెట్టవలయును. ఇసుక మన్నును పట్టును, కంకర ఇసుకను పట్టును, నీరు తేటయై వెడలిపోవును. ఈ మూడు పొరల వడపోతకు ఏయే పరిమాణముల రేణువులు కావలెనో లెక్కలు కట్టినవాడు కార్ల్ టెర్జాగీ యను ఇంజనీరు. నేటి పెద్ద కట్టలన్నిటిలోను ఇట్టి పొర నిర్మాణమునందే ఇముడ్చుదురు. ఇక కుంటలోపల సుడి తిరుగుచున్నచో అది బుంగ నోరు. అచ్చట గడ్డిమోపులు, కంపమోపులు, ఇసుకబస్తాలు దింపవలెను. మూయుట నీటివైపునను, వడపోత వెలుపలివైపునను జరుగవలెనని గుర్తుంచుకొన్న చాలును. ఈ పనులకు పూనుకొనుటకు ముందే దిగువనున్నవారికి కబురు పంపవలెను. కట్ట నిలుచునా నిలువదా యని చూచి పిమ్మట పంపుదమనుట కూడదు.

కట్టగుండ తూము గొట్టము పోవుచున్నచో దాని ప్రక్కనే ఎక్కువగా బుంగలు పడును. గుండ్రని గొట్టము క్రిందిభాగమున దిమ్మిస చక్కగా తగలదు. మన్ను వదులుగా నుండిపోవును. నీరు ఆ దారినే పట్టును. పందికొక్కులును, ఎండ్రకాయలును త్రవ్విన బొరియలు, చెదపుట్టల క్రింది అరలు, చచ్చిన చెట్టు వేరు కుళ్లగా మిగిలిన దారులు కూడ ఇట్టివే. కట్టమీద తుమ్మచెట్లు నీడ నిచ్చుచున్నవని సంతోషించువారికి ఈ మాట రుచింపదు. మొక్కగా నున్నపుడే పెరికివేయవలెను. పెద్దచెట్టును మొదలు నరికి ఊరకున్నచో వేళ్లు కుళ్లి మరింత కీడు. వేసవిలో వేళ్లతోకూడ త్రవ్వి, ఆ గుంటను తడిపి పొరపొరగా దిమ్మిస కొట్టి పూడ్చవలెను. గరిక మాత్రము కట్టకు కవచము.

మూడవది చౌటినేల. చౌడుమన్నులో సోడియము ఎక్కువగా నుండును. ఎండియున్నపుడు రాయివలె గట్టిగా నుండు నా మన్ను, మంచినీరు తగిలినచో రేణువు రేణువునకు విడిపోయి పాలవలె కరగును. అట్టి మన్నుతో కట్టిన కట్టలో పడిన వెండ్రుకవాసి నెరియ యైనను, నీరు చొచ్చిన పిమ్మట, బుంగ యగును. దీనికి ప్రయోగశాల లేకయే ఒక పరీక్ష కలదు. కట్ట మన్నులో రేగుపండంత ఉండను, ఎండనీయక, గాజుగ్లాసులో నిలుకడగానున్న వాననీటిలో వదలి, పది నిమిషములు కదల్పక చూడవలెను. ఉండ విరిగి కుప్పగా పడి, నీరు తేటగానే యున్నచో మంచిది. ఉండచుట్టు పొగవంటి మబ్బు క్రమ్మి, గ్లాసు అడుగంతయు వ్యాపించినచో, ఆ మన్ను కట్టకు పనికిరాదు. కాని మబ్బు క్రమ్మనంతమాత్రమున నిశ్చింతగా నుండరాదు. ఈ పరీక్షకు దొరకక తప్పించుకొను మన్నులును కలవు.

పూడికయే కట్టకు కొంత మేలుచేయుటయు కలదు. లోపలివాలుకు అంటుకొన్న సన్నని ఒండ్రు నీరు చొరకుండ పూతవలె నిలుచును. కావున పూడిక తీయువారు ఒక జాగ్రత్త పాటింపవలెను. కట్ట అడుగుననే లోతుగా త్రవ్వినచో ఆ పూత చినుగును, వాలుకు ఊతమును పోవును. కట్టను విడిచి దూరమున, కుంట మొదటివైపున త్రవ్వుట క్షేమము. ముతక ఇసుక ఎక్కువగా దొరకునదియు నచ్చటనే. 2015లో తెలంగాణమున మిషన్ కాకతీయ యను పేర నలువది యారువేలకు పైగా చెరువుల పూడిక తీయ సంకల్పించినపుడు, ఆ మట్టిని రైతులు తమ పొలములకు తోలుకొనిరి. చిన్నకుంట ఒండ్రు కూడ ఎరువే; ఇసుకపాలు ఎక్కువయున్నదేమో చూచుకొని తోలవలెను.

పూడిక తీయ శక్తిలేక, నిండిన కట్టమీదనే ఇంకొక మూడడుగులు మన్ను వేయుదమనుకొనువారు కొందరు. ఈ పని ఇంజనీరు నడుగక చేయరాదు. లోపలివైపు పెంచిన మన్ను మెత్తని ఒండ్రుమీద కూర్చుండును. అది క్రుంగును, జారును. అలుగును అంతకంత పెంచి కట్టవలెను. ఆ ఖర్చు జ్ఞాపకమునకు రాదు. పూడిక తీయుటయు, పెంచుటయు కుదరనిచో మూడవ దారి కలదు. నిండిన కుంటను పొలముగా విడిచి, అలుగును మాత్రము వెడల్పుచేసి, రాతితో బిగించి, వచ్చిన వరద యంతయు దానిమీదుగానే దిగునట్లు చేయుట. అప్పుడది కుంటగా పనిచేయదు. నిలిపిన మన్నును మాత్రము నిలిపియుంచును. నా యభిప్రాయమున చాల పల్లెలకు ఇదియే తగిన దారి.

2021లో మన పార్లమెంటు జలాశయముల భద్రతకు ఒక చట్టము చేసినది. అది పదునైదు మీటర్లకు మించిన కట్టలకును, పది పదునైదు మీటర్ల నడుమనున్న వానిలో కొన్ని లక్షణములు కలవానికిని వర్తించును. మన పండ్రెండడుగుల కట్ట నాలుగు మీటర్లకు లోబడినది. ఆ చట్టపు చూపు దానిమీద పడదు. ఊరివారు చూచిన చూపే దానికి చూపు: తొలకరికి ముందు ఒకసారి, గట్టివాన కురిసిన ప్రతి మరునాడు ఒకసారి, కుంట నిండియున్నన్ని దినములు ప్రతిదినము. ఎండకాలమున పడిన నెరియలు తొలకరికి ముందే కనబడును. తరువాత నీటిక్రింద పోవును.

పోవునపుడు ఒక పార, ఒక గాజుగ్లాసు, ఒక పలక తీసికొనిపోవలెను. కుంటలోపల, కట్టకు కొంత దూరమున, అడుగు అడుగునకు గీతలు చెక్కిన రాతికూసము నొకదానిని పాతి, దానిమీద అలుగు మట్టమునకు ఎర్రగీత వేయించవలెను. ప్రతి వేసవిని పూడిక ఏ గీతవరకు వచ్చినదో పలకమీద వ్రాసికొనివచ్చి, పంచాయతీ పుస్తకములో తేదీతో ఎక్కింపవలయును. పూడిక ఎర్రగీతకు రెండడుగుల దిగువకు వచ్చిన యేడు, ఆ వేసవిలోనే అలుగుపని మొదలుపెట్టవలసియుండును.